చెవికి వినపడని తప్పులు

లారీలు తయారయ్యే ఊళ్ళో ‘బ్రేక్’ అన్న మాటకు కొదువ ఉండదు. టెల్కో కాలనీ నుంచి బయలుదేరి, సువర్ణరేఖ దాటి, మాంగో మీదుగా రాంచీ రోడ్డు పట్టుకుంటే, పక్కన మరమ్మతు షెడ్ల బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. కొన్నింటి మీద బండిని ఆపే బ్రేక్ ఉంటుంది. కొన్నింటి మీద వస్తువును విరిచే బ్రేక్ ఉంటుంది. బి-ఆర్-ఎ-కె-ఇ మొదటిది, బి-ఆర్-ఇ-ఎ-కె రెండవది. రెండవరకం బోర్డు కింద లారీ నిలిపిన డ్రైవరు, తన బండిని విరగ్గొట్టించుకోవడానికి వచ్చానని ఎన్నడూ అనుకోడు. మేస్త్రీ చేతిలో పనితనం ఉంటే బోర్డు మీది అక్షరాలు తారుమారైనా బండి ఆగవలసిన చోట ఆగుతుంది.

అయినా ఇంగ్లీషు చదువుకున్నవాడి చూపు మాత్రం ఆ బోర్డు దగ్గర ఆగిపోతుంది. చెయ్యి దురద పెడుతుంది. దిద్దాలనిపిస్తుంది. ఆ దురదను గురించి, దానికి కారణమైన మాటల జంటలను గురించి ఈసారి ముచ్చటించుకుందాం.

ఇంగ్లీషు మాటలను తెలుగు లిపిలో వ్రాస్తూ వాటి వర్ణక్రమం గురించి మాట్లాడడంలో ఒక చిక్కు ఉన్నది. మన లిపి చెవికి విధేయమైనది. విన్నది వ్రాస్తుంది, వ్రాసినది పలికిస్తుంది. దానికి పై రెండు మాటలూ ‘బ్రేక్’ అనే ఒక్క రూపమే. కాబట్టి బోర్డు వ్రాసిన కుర్రవాడు చెవిని నమ్మి తప్పు చేశాడు. ఇంగ్లీషులో చెవిని నమ్మరాదు. ఈ సంగతి పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవారికి కూడా ఎప్పటికప్పుడు మరుపుకు వస్తూనే ఉంటుంది. ఈ జంటను తారుమారు చేయడంలో లండను వాసికీ, లోహర్‌దగా వాసికీ పెద్ద తేడా లేదు.

‘స్టేషనరీ’ ఇటువంటిదే. కదలక నిలిచి ఉన్నదనే అర్థంలో చివర ‘ఎ-ఆర్-వై’. కాగితాలు, కలాలు అనే అర్థంలో ‘ఇ-ఆర్-వై’. కానీ ఈ రెండూ ఒకే తల్లి బిడ్డలని చాలామందికి తెలియదు. మధ్యయుగాల ఐరోపాలో సరుకు భుజాన వేసుకొని ఊరూరా తిరిగి అమ్మేవారు ఎక్కువ. విశ్వవిద్యాలయాల దగ్గర స్థిరంగా అంగడి పెట్టుకొని పుస్తకాలు అమ్మేవాడిని లాటిన్‌లో ‘స్టేషనారియస్’ అన్నారు. నిలిచి ఉన్నవాడని భావం. లండన్‌లో అటువంటి వర్తకుల సంఘం స్టేషనర్స్ కంపెనీకి 1557లో రాజశాసనం లభించింది. కదలనివాడి దుకాణంలో దొరికే సరుకు గనుక కాగితాలకు ఆ పేరు వచ్చింది. గుర్తుంచుకోవడానికి తెలుగువారికి ఒక సులువు: కదలనిది ‘అచలం’, అందులోని ‘అ’ ఇంగ్లీషు ‘ఎ’. ఎన్వలప్ అమ్మే కొట్టుకు ‘ఇ’.

‘ప్రిన్సిపల్’ విషయంలో మన బ్యాంకు భాషే సాయం చేస్తుంది. అప్పులో అసలునూ, బడికి అధిపతినీ చెప్పే మాట చివర ‘పి-ఎ-ఎల్’. రెండింటా ‘ముఖ్యమైనది’ అనే అర్థమే. నియమాన్నీ, సూత్రాన్నీ చెప్పే మాట చివర ‘పి-ఎల్-ఇ’. అసలూ, అధిపతీ ఒక పక్క. సూత్రం ఒక్కటీ మరొక పక్క. అంతకుమించి కష్టపడనవసరం లేదు.

ఇక్కడివరకు అందరికీ సమానమైన కష్టాలు. మన నాలుక తెచ్చిపెట్టే కష్టాలు వేరే ఉన్నవి. అవే నాకు ఎక్కువ ఆసక్తికరం.

పోగొట్టుకోవడం అనే మాటకు ‘ఎల్-ఓ-ఎస్-ఇ’. బిగువు లేకపోవడం అనే మాటకు ‘ఎల్-ఓ-ఓ-ఎస్-ఇ’. ఇంగ్లీషువాడి చెవికి ఇవి ఒకటి కావు. బిగువు లేనిదాన్ని అతడు ‘లూస్’ అంటాడు, సకారంతో. పోగొట్టుకోవడంలోని చివరి ధ్వనిని పళ్ళ మధ్య గాలి బుసకొట్టేలా పలుకుతాడు. దానికి మన వర్ణమాలలో అక్షరం లేదు, మనం ‘జ’తో సరిపెట్టుకుంటాం. సరిపెట్టుకుంటే చిక్కు లేకపోను. కానీ మనం ‘లూస్’ను కూడా ఎప్పుడో ‘లూజు’ చేసుకున్నాం. నట్టు లూజు, చొక్కా లూజు, మాట లూజు. అది ఇప్పుడు అచ్చమైన తెలుగు మాటగా చెలామణి అవుతున్నది. ఇక పోగొట్టుకోవడానికి వేరే ఉచ్చారణ ఎక్కడ మిగిలింది? రెండూ ఒకే గొంతుతో పలికిన పిల్లవాడు రెండింటినీ ఒకే రీతిగా వ్రాస్తే అది సోమరితనం కాదు, తర్కం. పోగొట్టుకున్న మాట ఒక ‘ఓ’ను కూడా పోగొట్టుకున్నదని చెబితే వాడు మళ్ళీ మరచిపోడు.

సలహా అనే నామవాచకంలో ‘సి’, సలహా ఇచ్చు అనే క్రియలో ‘ఎస్’. వాటిని మనం రెండుచోట్లా ‘అడ్వైజు’ అంటాం. వెల ‘ప్రైస్’, బహుమతి ‘ప్రైజు’. పోటీలో మొదటి వెల గెలుచుకున్నామని వ్రాసే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. ఈ తప్పులన్నిటికీ మూలం ఆ ఒక్క బుస ధ్వనే. అది మన నోటికి కొత్తది. ఉపాధ్యాయులు ఈ మాటలను విడివిడిగా వందసార్లు వ్రాయించేకంటే, ఆ ధ్వనిని ఒక్కరోజు శ్రద్ధగా పలికిస్తే సగం తప్పులు తొలగిపోతాయని నా నమ్మకం.

ఇంగ్లీషుకు ఈ అవస్థ ఎందుకు వచ్చిందో తెలుసుకుంటే దిద్దేవారి పొగరు కొంత తగ్గుతుంది. విలియం కాక్స్టన్ 1476లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చు యంత్రం నెలకొల్పాడు. అచ్చు వచ్చిన తరువాత అక్షరాలు క్రమంగా గడ్డకట్టసాగాయి; ఉచ్చారణ మాత్రం ప్రవహిస్తూనే పోయింది. వీరుడైన ‘నైట్’ ముందున్న ‘కె’ ఒకప్పుడు నిజంగా పలికేది. పలకడం మానినా వ్రాయడం మానలేదు. దీనికి పండితుల పుణ్యం తోడైంది. అప్పు అనే ‘డెట్’లో ‘బి’ లేదు. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు ‘బి’ లేకుండానే వచ్చింది. లాటిన్ మూలంలో ఉన్నది గనుక ఇందులోనూ ఉండాలని చదువుకున్నవారు దాన్ని చొప్పించారు. ‘ఐలండ్’లోని ‘ఎస్’ మరీ అన్యాయం. ఆ మాట అచ్చ ఇంగ్లీషుది. లాటిన్ వంశానికి చెందిన ‘ఐల్’ అనే వేరే మాటకు చుట్టమనుకొని దానికి ‘ఎస్’ తగిలించారు. అంటే, ఈనాడు ఆ అక్షరం వ్రాయని పిల్లవాడికి మార్కు తగ్గిస్తున్నామే, ఆ అక్షరమే పొరపాటున వచ్చి కూర్చున్నది. దయ్యమనే ‘గోస్ట్’లోని ‘హెచ్’ కాక్స్టన్ ముద్రణాలయం నుంచి వ్యాపించిందనీ, ఫ్లెమిష్ భాష అలవాటు వలన వచ్చిందనీ భాషాచరిత్రకారులు చెబుతారు. కాక్స్టన్ చాలాకాలం ఆ ప్రాంతంలోనే ఉన్నాడు.

అమెరికాలో 1925 నుంచి జాతీయస్థాయి స్పెల్లింగ్ పోటీలు జరుగుతున్నాయి. వాటిలో మన పిల్లల ప్రతిభ పత్రికలు చదివేవారికి తెలిసినదే. 2024లో తెలుగు కుటుంబానికి చెందిన బృహత్ సోమ అనే బాలుడు చివరి పోటీలో 90 సెకన్లలో 29 మాటలు తప్పులేకుండా చెప్పి గెలిచాడు. ఆ పోటీలో పిల్లలు అడగగలిగే ప్రశ్నలలో ఒకటి, ఈ మాట ఏ భాష నుంచి వచ్చింది అన్నది. అది చిన్న ప్రశ్న కాదు. ఇంగ్లీషు వర్ణక్రమంలో సగం మర్మం వలస వచ్చిన మాటల పుట్టినిళ్ళలోనే ఉన్నది.

తెలుగు మాత్రం కడిగిన ముత్యమా? మనకు ‘అర్థం’ ఉన్నది, ‘అర్ధం’ ఉన్నది. మొదటిది భావం, రెండవది సగం. ఎందరి వ్రాతలో భావం సగమైపోతున్నదో లెక్కలేదు. ‘ప్రథమ’ను ‘ప్రధమ’ అనీ, ‘విద్యార్థి’ని ‘విద్యార్ధి’ అనీ వ్రాసే బోర్డులు పాఠశాలల గోడల మీదనే కనబడతాయి. ఒత్తులు తెలుగు నాలుకకు స్వభావసిద్ధం కావు, సంస్కృతంతో వచ్చినవి. కనుక ఇంగ్లీషు కుర్రవాడు ‘బ్రేక్’ దగ్గర పడే అవస్థే తెలుగు కుర్రవాడు ‘థ’ దగ్గర పడతాడు.

ఇక దిద్దడం సంగతి. మా కాలనీలో ఒక పెద్దాయన ఉన్నారు. యౌవనంలో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి, కర్మాగారంలో ముప్పయ్యేళ్ళకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. ఆమధ్య ఆయన భార్య గతించింది. పెద్దకర్మ అయిన మరునాడు, ఇరుగుపొరుగువారికి కృతజ్ఞత తెలుపుతూ ఫోనులో అందరికీ చేరేలా నాలుగు వాక్యాలు పంపారు. చుట్టుపక్కల బెంగాలీలు, బీహారీలు, పంజాబీలు, ఒడియావారు ఉన్నారు గనుక ఇంగ్లీషులో వ్రాశారు. మీరంతా దగ్గర ఉండడం నాకు బలమిచ్చింది అన్నది ఆయన భావం. ఉండడమనే ‘ప్రెజెన్స్’కు బదులు కానుకలనే ‘ప్రెజెంట్స్’ పడింది. పది నిమిషాలు గడవకముందే ఒక యువకుడు నక్షత్రం గుర్తు పెట్టి సరైన మాటను దాని కింద వ్రాశాడు. ఆ వెనుక రెండు నవ్వు ముఖాలు వచ్చాయి.

ఆయన ఆ తరువాత అక్కడ ఒక్క అక్షరం వ్రాయలేదు. సంత దగ్గర కనబడినప్పుడు, “బాబాయిగారూ, మీ మాట చూసి చాలాకాలమైంది” అన్నాను. “ఆ కుర్రాడు చెప్పింది నిజమే గదా బాబూ! కలం పట్టిన ఉజ్జోగమా మనది? నాకేటి తెలుస్తాది ఇంగ్లీసు!” అన్నారు, కోపం లేకుండా. కోపం ఉంటే బాగుండేది.

ఆ యువకుడు దుష్టుడు కాడు. అతడి దిద్దుబాటులో తప్పు లేదు. కానీ ఆ దిద్దుబాటు ఎవరి కోసం? ఆ నాలుగు వాక్యాలు చదివి, ఈయన తన ఇంటికి వచ్చిన కానుకలను తలచుకుంటున్నాడని భ్రమపడినవారు ఒక్కరైనా ఉంటారా? భావం చేరింది. చేరిన ఉత్తరాన్ని వెనక్కి పిలిచి, చిరునామా అందంగా లేదన్నట్లయింది. మనలో చాలామందికి ఇంగ్లీషు ఎర్రసిరాతో వచ్చింది. తప్పుకు ఒక బెత్తం దెబ్బ, తప్పుకు ఒక మార్కు. ఆ విధంగా వచ్చినదాన్ని ఆ విధంగానే ఇతరులకు ఇవ్వాలనుకుంటాం. భార్యను కోల్పోయిన మనిషి వ్రాసిన కాగితం కూడా మనకు జవాబు పత్రంలాగే కనబడుతుంది.

దిద్దేవాడి చేతిలోని కాగితం సరైనదేనని కూడా ఏమున్నది? 1992 జూన్‌లో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్ న్యూజెర్సీ రాష్ట్రంలో ట్రెంటన్ పట్టణపు బడికి వెళ్ళాడు. పన్నెండేళ్ళ కుర్రవాడు నల్లబల్ల మీద బంగాళాదుంపకు ‘పొటేటో’ అని తప్పులేకుండా వ్రాశాడు. చివర ఇంకేదో ఉండాలి అని ఉపాధ్యక్షుడు ప్రోత్సహించాడు. కుర్రవాడు పాపం, పెద్దమనిషి మాట కాదనలేక, చివర ఒక ‘ఇ’ చేర్చాడు. ఉపాధ్యక్షుడి చేతికి ఇచ్చిన చీటీలోనే తప్పు ఉన్నది. ఆయన పదవీకాలంలో చేసిన పనులు ఎందరికి గుర్తున్నాయో గాని ఆ ‘ఇ’ని మాత్రం లోకం మరచిపోలేదు. అదే ఏడు ఆస్ట్రేలియాలో జాన్ బాంగ్‌సండ్ అనే సంపాదకుడు ఒక నియమం ప్రతిపాదించాడు: ఇతరుల వ్రాతలో తప్పులెన్నుతూ నీవు వ్రాసిన దానిలో తప్పక ఒక తప్పు ఉండి తీరుతుంది. చెడగలిగినదేదైనా చెడి తీరుతుందన్న మర్ఫీ నియమం అందరూ ఎరిగినదే. ఆ పేరులోని ‘ఆర్’ను కావాలని పక్కకు జరిపి, దీనికి ‘మఫ్రీ నియమం’ అని పేరు పెట్టాడు.

బాంగ్‌సండ్ కంటే ముందే ఈ సంగతిని నిరూపించినవారు మనలో ఉన్నారు. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తిగారు, వ్యావహారిక భాషను అశుద్ధమని నిందించిన పండితుల గ్రాంథిక రచనలనే తీసుకొని, వాటిలో వారి వ్యాకరణం ప్రకారమే ఎన్ని దోషాలున్నాయో ఏరి చూపించారు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’ అన్నది ఆ పుస్తకం పేరు. ఆయన ఆనాడు దిద్దినది బలహీనుల వ్రాతను కాదు, బెత్తం పట్టినవారి వ్రాతను.

పైగా దిద్దవలసిన తప్పుగా కనబడేది తప్పే కాకపోవచ్చు. మా ఊరి పేరునే చూడండి. ఊరికి మూలపురుషుడైన జంషెట్‌జీ టాటా 1839లో జన్మించి 1904లో మరణించారు. ఆయన పేరులో ‘సెట్’ ఉన్నది, ‘టి’తో. సాక్చి అనే పల్లె ఉన్నచోట వెలసిన పారిశ్రామిక నగరానికి 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ప్రభువు ఆయన పేరే పెట్టారు. అక్కడ మాత్రం ‘షెడ్’ అయింది, ‘డి’తో. మనిషి పేరులో లేని ‘హెచ్’, ‘డి’ ఊరి పేరులో ఉన్నవి. రెండూ ఒకే పారశీక నామం. రెండూ సరైనవే. నా అనువాదాలలో ఒకదాన్ని చూసి రెండవదాన్ని ‘సరిచేసి’ పంపిన సంపాదకులు ఒకరిద్దరు కాదు. బిష్టుపూర్ బోర్డులలో ఒకచోట ‘హెచ్’ ఉంటుంది, మరొకచోట ఉండదు. మాంగో పేరును ఇంగ్లీషులో చదివి మామిడిపండు అనుకోని కొత్తవాడు లేడు. నాగరి లిపిలో అది ‘మాన్‌గో’. ఇక కర్మాగారం పేరు 2003లో టాటా మోటార్స్‌గా మారింది. 1945లో రైలింజన్ల కోసం స్థాపించిన ఆ సంస్థ పాత పొడవాటి పేరులోని తొలి అక్షరాలు కాలనీని మాత్రం వదలలేదు. ఇంతవరకు ఎవరూ దాన్ని దిద్దడానికి పూనుకోలేదు; పూనుకున్నా రిక్షావాడు వినడు.

టైరు సంగతి కూడా ఇంతే. తాత ‘వై’తో వ్రాస్తాడు. అమెరికాలో ఉన్న మనుమడు ‘ఐ’తో వ్రాసి, తాత తప్పు వ్రాశాడంటాడు. బ్రిటన్‌లోనూ చాలాకాలం నడిచినది ‘ఐ’ రూపమే. ‘వై’ అక్కడ తరువాత స్థిరపడింది. ఇద్దరి చక్రాలూ తిరుగుతున్నాయి.

ఇంత చెప్పి, ఎవరూ ఎవరినీ దిద్దవద్దని నేను అనబోవడం లేదు. దిద్ది తీరవలసిన చోట్లు ఉన్నవి. మందు చీటీ ఒకటి. కడుపులో ఆమ్లాన్ని తగ్గించే ఒక మందు అమెరికాలో మొదట ‘లోసెక్’ అనే పేరుతో వచ్చింది. ఒంటి నీరు తీయడానికి ఇచ్చే ‘లాసిక్స్’ అప్పటికే అంగళ్ళలో ఉన్నది. వైద్యుడి చేతివ్రాతలో రెండూ ఒక్కలాగే కనబడేవి. ప్రమాదం గ్రహించి 1990లో మొదటిదాని పేరు ‘ప్రిలోసెక్’గా మార్చారు. మన దేశంలో కూడా వైద్యులు మందుల పేర్లను స్పష్టంగా, వీలైనంతవరకు పెద్ద అక్షరాలలో వ్రాయాలని 2016లో వైద్యమండలి నియమాలను సవరించింది. అక్కడ మొగమాటం పనికిరాదు. దుకాణదారుడికి అనుమానం వస్తే వైద్యుడు ఎంత పెద్దవాడైనా అడగవలసిందే.

రెండవది మనుషుల పేర్లు. తెలుగు దేశం వదలి వచ్చిన మాబోటి వారికి ఇది నిత్యజీవన సమస్య. దక్షిణాన ‘ట’కు ‘టి’ వాడుతాం, ‘త’కు ‘టి-హెచ్’ వాడుతాం. లతకూ, గీతకూ, సీతకూ మన పద్ధతిలో ‘హెచ్’ ఉంటుంది. ఉత్తరాదివారికి ‘ట’, ‘త’ రెండూ ‘టి’యే, ‘హెచ్’ చేరితే ఒత్తు పలకాలి. వారి దృష్టిలో మన లత ‘లథ’, మన గీత ‘గీథ’. బడిలో చేర్చేటప్పుడు హిందీ గుమాస్తా అనవసరమని ఒక ‘హెచ్’ తీసేస్తాడు. పదవ తరగతి ధ్రువపత్రంలో అలాగే వస్తుంది. ఆధార్ కార్డు నాటికి తండ్రి మళ్ళీ ‘హెచ్’ పెట్టిస్తాడు. ఇంటిపేరు ముందు ఉండాలా వెనుక ఉండాలా అన్నది మరొక పురాణం. ఉద్యోగం సాగినంతకాలం ఈ ‘హెచ్’ ఎవరికీ అడ్డురాదు. భవిష్యనిధి ఖాతాలోని పేరు, ఆధార్‌లోని పేరు కలవకపోతే సొమ్ము రావడం ఆగిపోయిననాడు, ముప్పయ్యేళ్ళ కష్టానికీ బ్యాంకు పుస్తకానికీ మధ్య ఒక్క మూగ అక్షరం గోడలా నిలబడుతుంది.

పైన చెప్పిన పెద్దాయనకు ఇదే వచ్చింది. ఆయన పేరులో సత్యం ఉన్నది. ఒక కాగితంలో ఆ సత్యానికి ‘హెచ్’ ఉన్నది, మూడు కాగితాలలో లేదు. రెండు మనుషులూ ఒకే మనిషి అని ప్రమాణం చేస్తూ అఫిడవిట్ కావాలన్నారు. కచేరీ ఆవరణలో చెట్టు కింద టైపు చేసే ఆసామి దగ్గరకు నన్ను తోడు తీసుకువెళ్ళారు. నేను పేర్లు, తేదీలు నాలుగుసార్లు సరిచూశాను. ఆయన కూడా కళ్ళజోడు తుడుచుకొని ఒక్కొక్క అక్షరం మీద వేలుపెట్టి చదువుకున్నారు. అంతా సరిగా ఉన్నది. స్పెల్లింగ్ తేడా కారణంగా ఈ ప్రమాణం చేస్తున్నానన్న వాక్యంలో ‘స్పెల్లింగ్’ అన్న మాటకు మాత్రం ఒక ‘ఎల్’ తగ్గింది. నోటరీ ముద్ర సరిగ్గా దాని మీదనే పడింది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మూడు వారాలకు సొమ్ము వచ్చింది.